బీపీ మాత్ర వాడుతున్న అమ్మకు మోకాళ్ళ నొప్పి బిళ్ళ రోజూ ఇవ్వవచ్చా?

ప్రశ్న – కావలి వాసి

మా అమ్మకు 67 ఏళ్ళు. కావలి దగ్గర మా పల్లెలోనే ఉంటుంది. రెండు మోకాళ్ళూ అరిగాయని మూడేళ్ళ క్రితం ఎక్స్‌రే తీసి చెప్పారు కానీ, ఆపరేషన్ మాటెత్తితే ఆమె ఒప్పుకోవడం లేదు. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర రోజుకొకటి, షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతోంది. సంక్రాంతి తరువాత నొప్పి ఎక్కువై రాత్రిళ్ళు నిద్ర పట్టకపోవడంతో, ఊళ్ళోని మందుల షాపులో ఎసిక్లోఫెనాక్ 100, పారాసెటమాల్ 325 మిల్లీగ్రాములు కలిసిన మాత్ర ఇచ్చారు. ఉదయం, రాత్రి అన్నం తిన్నాక ఒక్కొక్కటి వేసుకుంటూ అయిదు నెలలు గడిచాయి. నొప్పి నిజంగానే తగ్గింది, కింద కూర్చుని కూరగాయలు తరుగుకోగలుగుతోంది.

అయితే నెల రోజులుగా సాయంత్రమయ్యేసరికి చీలమండలు వాస్తున్నాయి. బీపీ 150 దాటుతోంది. కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష క్రియాటినిన్ పోయిన ఏడాది 0.9 ఉండగా, ఈ వారం 1.4 వచ్చింది. ల్యాబ్ కాగితంలో 1.4 వరకు మామూలేనని అచ్చువేసి ఉంది కాబట్టి భయం లేదనుకున్నాను. గ్యాస్ మాత్ర కూడా వేసుకుంటున్నప్పుడు ఈ నొప్పి మాత్రను ఇలాగే కొనసాగించవచ్చునా, లేక మానిపించాలా?

జవాబు – ఒంగోలు, విశ్రాంత ఫార్మసిస్టు

డాక్టరుగారు ఎవరైనా జవాబిచ్చేలోగా మీరు చేయగలిగిన పని ఒకటుంది. అమ్మగారు మాత్రలు పెట్టుకునే డబ్బా తెరిచి, అందులో ఉన్నవన్నీ మంచం మీద పరిచి చూడండి. మా వైపు ముసలివాళ్ళ వక్కపొడి డబ్బాల్లో మాత్రల ముక్కలు కనిపిస్తాయి. షాపులో పది మాత్రల అట్టను కత్తెరతో రెండేసి, మూడేసి మాత్రలుగా కత్తిరించి ఇస్తారు కాబట్టి పేరు సగమే మిగులుతుంది, గడువు తేదీ ఇంకెవరి ఇంటికో వెళ్ళిపోతుంది. ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో వచ్చి, ఒకటి మోకాలికి, ఇంకొకటి నడుముకు అనుకొని రెండూ వేసుకున్నవాళ్ళను నేను స్వయంగా చూశాను. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్, పైరోక్సికామ్, నిమెసులైడ్, ఎటోరికాక్సిబ్ అన్నీ ఒకే కుటుంబానికి చెందినవి. వీటిలో ఏ రెండూ కలిపి వాడకూడదు. పారాసెటమాల్ ఈ కుటుంబంలోది కాదు కానీ, అది ఇప్పటికే ఆ మాత్రలో ఉందని మరచిపోయి జ్వరానికో తలనొప్పికో మళ్ళీ విడిగా వేసుకోవడం కూడా జరుగుతుంది.

ఎసిక్లోఫెనాక్ డాక్టరు చీటీ మీద మాత్రమే అమ్మవలసిన షెడ్యూల్ హెచ్ మందు. ఆ నియమం ఎంతవరకు అమలవుతోందో మనందరికీ తెలిసిందే. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ళ ఊళ్ళ నుంచి మెడ తిరగక, నడుము వంగక వచ్చేవాళ్ళు ఇవే మాత్రలను ఏళ్ళ తరబడి కొనుక్కునేవారు. వాళ్ళ నొప్పికి మూలం తాగే నీళ్ళలో ఉంటే, మాత్ర ఎన్నాళ్ళు వేసుకున్నా ఆ మూలాన్ని తాకదు.

జవాబు – నెల్లూరు, జనరల్ మెడిసిన్ వైద్యుడు

ముందుగా క్రియాటినిన్ సంగతి చెబుతాను. 0.9 నుంచి 1.4కు పెరగడం కాగితం మీద అర పాయింటు తేడాగానే కనిపిస్తుంది. కానీ వయసును, స్త్రీ అన్న విషయాన్ని లెక్కలోకి తీసుకొని కిడ్నీల వడపోత వేగం కడితే, అది దాదాపు 70 నుంచి 41కి పడిపోయింది. ల్యాబ్‌వాళ్ళు అచ్చువేసే హద్దు వయసును బట్టి మారదు కాబట్టి దానిని నమ్ముకోకండి.

ఇలా ఎందుకు జరిగి ఉండవచ్చునో మన పొలాల భాషలోనే చెప్పవచ్చు. కిడ్నీలో రక్తం వడకట్టబడాలంటే లోపల కొంత ఒత్తిడి నిలవాలి. ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు రక్తం లోపలికి వచ్చే సన్నని నాళాన్ని తెరిచి ఉంచుతాయి. నొప్పి మాత్ర వాటి తయారీని ఆపుతుంది, అందువల్ల ఆ నాళం బిగుసుకుంటుంది. టెల్మిసార్టాన్ బయటికి పోయే నాళాన్ని వదులు చేస్తుంది. హైడ్రోక్లోరోథయాజైడ్ ఒంట్లోని నీటిని, ఉప్పును మూత్రంలో పంపించివేస్తుంది. కాలువలో నీళ్ళు తగ్గించి, పై తూము సగం మూసి, కింది తూము బార్లా తెరిస్తే మడిలో నీరు ఎలా నిలుస్తుంది? విడివిడిగా ఇవి మూడూ మంచి మందులే. 67 ఏళ్ళ మనిషిలో, అందులోనూ షుగరు ఉన్న మనిషిలో, అయిదు నెలల పాటు మూడూ కలిసి పనిచేయడమే ప్రమాదం. రోహిణి కార్తె ఎండల్లో ఒంట్లో నీరు తగ్గినప్పుడు, లేదా విరేచనాలు, వాంతులు అయిన రోజున ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. కాళ్ళ వాపు, బీపీ పెరగడం కూడా ఈ నొప్పి మాత్ర ఒంట్లో ఉప్పును నిలబెట్టడం వల్ల రావచ్చు.

కాబట్టి నొప్పి మాత్రను ఈరోజే ఆపించండి. బీపీ మాత్రను మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు. రెండు మూడు రోజుల్లో దగ్గరలోని వైద్యునికి చూపించి, ఒకటి రెండు వారాల తరువాత క్రియాటినిన్‌తో పాటు పొటాషియం కూడా మళ్ళీ చేయించండి. వడపోత వేగం 45 కన్నా తగ్గినప్పుడు మెట్‌ఫార్మిన్ మోతాదును సరిచూసుకోవాలి, 30 కన్నా తగ్గితే దానిని ఆపివేయాలి. మూత్రం బాగా తగ్గినా, ఆయాసం వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

గ్యాస్ మాత్ర గురించి అడిగారు. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ వంటివి పరగడుపున వేసుకుంటే కడుపులో పుండు పడకుండా చాలావరకు కాపాడతాయి. అవి కిడ్నీని, గుండెను కాపాడవు.

మోకాలికి డైక్లోఫెనాక్ జెల్ మంచి ప్రత్యామ్నాయం. అందులో రక్తంలోకి చేరేది మాత్రతో పోలిస్తే చాలా కొద్ది భాగం కాబట్టి, అరిగిన మోకాళ్ళకు మాత్రల కన్నా ముందు దీనినే వాడి చూడమంటారు. అయినా మీ అమ్మగారి రిపోర్టు చూసిన వైద్యుని అడిగే మొదలుపెట్టండి. రోజుకు మూడు నాలుగు సార్లు, బఠాణీ గింజంత కాకుండా మోకాలంతా పట్టేటట్లు రాయాలి. వారం పది రోజులు క్రమంగా రాస్తే గాని గుణం తెలియదు. దీనితో పాటు మంచం మీద కాలు చాపి, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దానిని కిందికి నొక్కి అయిదు సెకన్లు పట్టి ఉంచే వ్యాయామాన్ని పూటకు పదిసార్లు చేయించండి. తొడ కండరం బలపడితే కీలు మీద భారం తగ్గుతుంది. శరీరం ఒక కిలో తగ్గితే నడిచేటప్పుడు ప్రతి అడుగులో మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

జవాబు – కందుకూరు రైతు

వైద్యులవారు క్షమించాలి. ఇలా రాస్తే మా వంటివాళ్ళు మాత్ర ముట్టుకోవడానికే భయపడతారు. నేను పదేళ్ళుగా నొప్పి మాత్రలు వేసుకునే పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ పనికి వెళుతున్నాను. ఏ జబ్బూ రాలేదు. కడుపులో మంట పుట్టించని కొత్తరకం మాత్రలు కూడా వచ్చాయని విన్నాను.

జవాబు – నెల్లూరు, జనరల్ మెడిసిన్ వైద్యుడు

మీరు అడగడం మంచిదే అయింది. బీపీ, షుగరు, కిడ్నీ, గుండె జబ్బులు, పాత అల్సరు లేని మనిషి, నొప్పి ఎక్కువగా ఉన్న రోజుల్లో తక్కువ మోతాదులో, కొద్ది రోజులు వాడుకుంటే సాధారణంగా తట్టుకుంటాడు. కీళ్ళవాతం, గౌట్ వంటి జబ్బుల్లో మేమే ఈ మాత్రలు రాస్తాము. పదేళ్ళుగా ఏమీ కాలేదని మీకు ఎలా తెలిసిందన్నదే నా సందేహం. కిడ్నీ సగం దెబ్బతినే వరకు నొప్పి గాని, మంట గాని ఉండకపోవచ్చు. ఒక్కసారి బీపీ, క్రియాటినిన్, మూత్ర పరీక్ష చేయించుకోండి. బ్యారన్ వేడిలో నీళ్ళు తాగకుండా పనిచేసిన రోజు మాత్రం ఆ మాత్ర అసలు వద్దు.

కొత్తరకం అంటే మీరు ఎటోరికాక్సిబ్ వంటి వాటి గురించి విని ఉంటారు. కడుపుకు కొంత మేలే కానీ, కిడ్నీ విషయంలో తేడా లేదు. బీపీ 140/90 దాటి అదుపులో లేనివాళ్ళు ఎటోరికాక్సిబ్ వాడకూడదు. ఇదే తరగతిలోని రోఫెకాక్సిబ్ అనే మందును, గుండెపోటు, పక్షవాతం ముప్పు పెరుగుతోందని తేలి 2004లో ప్రపంచవ్యాప్తంగా మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు.

జవాబు – గూడూరు వాసి

మా నాన్నగారి సంగతి చెప్పకుండా ఉండలేకపోతున్నాను. ఆయనకు గుండెలో స్టెంట్ వేశారు, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రోజూ వాడుతున్నారు. మోకాలు పట్టేసిందని ఊళ్ళోని ఆర్.ఎం.పి. దగ్గర వరుసగా మూడు రోజులు డైక్లోఫెనాక్ సూది వేయించుకున్నారు. సూది మందు కడుపులోకి పోదు కదా అన్నది ఆయన ధైర్యం. అయిదో రోజున మలం తారులా నల్లగా, జిగటగా, భరించలేని వాసనతో వచ్చింది. అంతకు ముందు నుంచీ ఐరన్ టానిక్ తాగుతున్నందువల్ల అదే కారణమనుకొని ఊరుకున్నాము. ఆ మరునాడు దొడ్లో కళ్ళు తిరిగి పడిపోయారు. హిమోగ్లోబిన్ 6 ఉందన్నారు, మూడు బాటిళ్ళ రక్తం ఎక్కించారు. ఎండోస్కోపీ చేసిన డాక్టరుగారు, సూది అయినా మాత్ర అయినా మందు రక్తంలో కలిశాక కడుపు గోడకు రక్షణగా ఉండే పొరను పలచబరుస్తుందనీ, రక్తం పలచబడే మాత్రలు తోడైతే కారడం ఆగదనీ చెప్పారు. ఐరన్ వల్ల నల్లబడిన మలానికి ఆ జిగట, ఆ వాసన ఉండవని కూడా అప్పుడే తెలిసింది.

ప్రశ్నించినవారి జవాబు – కావలి వాసి

అందరికీ నమస్కారం. ఫార్మసిస్టుగారు చెప్పినట్లే డబ్బా తెరిచి చూశాను. ఎసిక్లోఫెనాక్ కాక, సగం పేరు మాత్రమే మిగిలిన డైక్లోఫెనాక్ ముక్కలు రెండు, సంతలో కొన్న కీళ్ళ నొప్పుల పొడి ఒక పొట్లం బయటపడ్డాయి. పొడిని డాక్టరుగారికి చూపిస్తే, ఇటువంటి వాటిలో స్టెరాయిడ్ కలిపి అమ్మడం ఉందనీ, రోజూ తీసుకుంటూ ఉంటే ఒక్కసారిగా మానకుండా తనతో చెప్పాలనీ అన్నారు. అమ్మ రెండుసార్లే నీళ్ళలో కలుపుకుందట, అందువల్ల పారేయమన్నారు.

మాత్ర ఆపి పదిహేను రోజులైంది. వాపు తగ్గింది, బీపీ 136కు దిగింది, క్రియాటినిన్ 1.1 వచ్చింది. నొప్పి మాత్రం తిరిగి వచ్చింది, మునుపటంత కాదు. డాక్టరుగారు చెప్పిన మీదట రాస్తున్న జెల్ వాసన అమ్మకు నచ్చడం లేదు. ఆదివారం పెంచలకోన ప్రయాణం ఉంది, ఆ ఒక్కరోజుకు ఒక్క మాత్ర వేసుకోనా అని నిన్న అడిగింది. డాక్టరుగారికి ఫోన్ చేస్తే, ఇంకో పరీక్ష చూసే వరకు ఒక్కటి కూడా వద్దని, అవసరమైతే పారాసెటమాల్ 500 వేసుకోమని చెప్పారు. షాపుకు వెళ్ళి, అట్ట కత్తిరించకుండా నిండుగా ఇవ్వమని తనే అడిగి తెచ్చుకుంది.