టాటా బాక్స్ లేని డ్రోసోఫిలా జన్యువుల్లో ట్రాన్స్‌క్రిప్షన్‌ను ఎవరు మొదలుపెడతారు?

ప్రశ్న:
ట్రాన్స్‌క్రిప్షన్, అంటే జన్యువు నుంచి ఆర్‌ఎన్‌ఏ నకలు తీయడం, మొదలయ్యే వరుస పుస్తకంలో తేలిగ్గానే ఉంది, టీబీపీ అనే ప్రోటీన్ వెళ్లి జన్యువు మొదలు దగ్గరుండే టాటా బాక్స్ అనే చిన్న డీఎన్‌ఏ ముక్కను పట్టుకుంటుంది, దాని వెనకే టీఎఫ్‌టూఏ, టీఎఫ్‌టూబీ అనే సహాయక ప్రోటీన్లు, ఆ తర్వాత నకలు తీసే ఎంజైమ్ ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ 2 వచ్చి చేరతాయి అని. కానీ పండ్ల ఈగలో (డ్రోసోఫిలా) ఎక్కువ జన్యువులకు అసలు టాటా బాక్సే లేదట! మరి అక్కడ టీబీపీ దేన్ని చూసి దిగుతుంది? పైగా టీఆర్‌ఎఫ్1, టీఆర్‌ఎఫ్2 అని ఇంకో రెండు పేర్లు తగిలేసరికి బుర్ర వేడెక్కిపోయింది. కాస్త విడమరిచి చెప్పండి ప్లీజ్.

జవాబు 1:
టీబీపీ ఒక్కటే వస్తుందనుకోవడం దగ్గరే తికమకంతా అండి. అది టీఎఫ్‌టూడీ అనే పెద్ద కాంప్లెక్స్‌లో ఒక ముక్క, మిగతావన్నీ టాఫ్ ప్రోటీన్లు. టాటా లేనిచోట డీఎన్‌ఏను గుర్తుపట్టే పని వీటిదే. ట్రాన్స్‌క్రిప్షన్ మొదలయ్యే చోటే ఉండే ఇనిషియేటర్ అనే డీఎన్‌ఏ ముక్కను టాఫ్1, టాఫ్2 పట్టుకుంటాయి, అక్కడి నుంచి కిందికి +28, +33 బేస్ స్థానాల మధ్య ఉండే డీపీఈ అనే ఇంకో డీఎన్‌ఏ ముక్క దగ్గర టాఫ్6, టాఫ్9 ఉంటాయి. బర్క్, కడొనాగా 1996లో ఈ డీపీఈని కనిపెట్టింది డ్రోసోఫిలాలోనే. నాకు భలే నచ్చే సంగతి ఏంటంటే, ఇనిషియేటర్‌కీ డీపీఈకీ మధ్య దూరం ఒక్క బేస్ అటూ ఇటూ అయినా టీఎఫ్‌టూడీ పట్టు సడలిపోతుంది, ట్రాన్స్‌క్రిప్షన్ బాగా పడిపోతుంది.

జవాబు 2:
పైన చెప్పింది కరెక్టే కానీ టీఆర్‌ఎఫ్‌ల సంగతి మిగిలిపోయింది. రెండూ టీబీపీకి చుట్టాలే. టీఆర్‌ఎఫ్1 ఈగలో ఎక్కువగా పాలిమరేజ్ 3 అనే ఇంకో ఎంజైమ్ వైపు, అంటే అమైనో ఆమ్లాలను మోసుకొచ్చే టీఆర్‌ఎన్‌ఏ జన్యువుల దగ్గర, బీఆర్‌ఎఫ్ అనే ప్రోటీన్‌తో కలిసి పనిచేస్తుంది, వేరే జీవుల్లో ఆ పని టీబీపీది. టీఆర్‌ఎఫ్2 అసలు టాటా బాక్స్‌ను పట్టుకోదు. డీఎన్‌ఏ చుట్టుకునే హిస్టోన్ ప్రోటీన్ల జన్యువులు చూడండి, ఐదూ ఒకే గుత్తిలో పక్కపక్కనే ఉంటాయి, వాటిలో హెచ్2ఏ, హెచ్2బీ, హెచ్3, హెచ్4 టీబీపీతో మొదలైతే హెచ్1 మాత్రం టీఆర్‌ఎఫ్2తో మొదలవుతుంది. అందుకే "ఈగలో ఏ కాంప్లెక్స్" అని అడిగితే లాభం లేదు, "ఏ ప్రొమోటర్ (జన్యువు మొదలు దగ్గరి డీఎన్‌ఏ భాగం) దగ్గర" అని అడగాలి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. ఒక్క డౌటు, టీఆర్‌ఎఫ్2 కూడా ఆ టాఫ్‌లనే వెంటేసుకుని వస్తుందా?

జవాబు 2:
లేదండి, దాని జట్టు వేరు. దాన్ని విడదీసి చూస్తే టాఫ్‌లకు బదులు డ్రెఫ్ అనే డీఎన్‌ఏను పట్టుకునే ప్రోటీన్, క్రోమాటిన్‌ను (హిస్టోన్లకు చుట్టుకున్న డీఎన్‌ఏను) సర్దే నర్ఫ్ అనే కాంప్లెక్స్ భాగాలు కొన్ని కనిపించాయి. ముందు డ్రెఫ్ గురించి చదవండి, అక్కడి నుంచి మిగతాది అందుతుంది.