‘కృతజ్ఞతాస్తుతులు చెల్లించుట’లో ఆ చెల్లింపు దేనికి?

చెన్నై వేపేరి నుంచి ఒక సభ్యురాలు:

గుంపులోని పెద్దలందరికీ నమస్కారం. మా అత్తగారికి కంటి శుక్లం ఆపరేషన్ క్షేమంగా జరిగినందున వచ్చే శనివారం సాయంత్రం ఇంట్లో కృతజ్ఞతా కూటం పెట్టుకుంటున్నాము. మామగారు ఆహ్వానపత్రంలో ‘దేవునికి కృతజ్ఞతాస్తుతులు చెల్లించు నిమిత్తము’ అని వ్రాయించారు. మా అమ్మాయి ఇక్కడే పుట్టి, బడిలో తమిళం చదువుకున్న పిల్ల. ప్రూఫ్ చూసి, ‘ఆస్పత్రి బిల్లు చెల్లించాము సరే, దేవునికి కూడా చెల్లిస్తున్నామా? కృతజ్ఞతలు చెబితే సరిపోదా?’ అని అడిగింది. మామగారు నవ్వి ఊరుకున్నారు గాని నాకు మాత్రం జవాబు తోచలేదు. ఆ మాటను ‘చెప్పు నిమిత్తము’ అని మార్చితే తప్పా?

జవాబు:

అమ్మా, మార్చితే వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు. అయినా మార్చవద్దనే నా సలహా, ఎందుకంటే ‘చెల్లించు’లో ఉన్న బరువు ‘చెప్పు’కు లేదు.

ఈ రోజుల్లో ‘చెల్లించు’ అనగానే ఫీజులు, వాయిదాలు, కరెంటు బిల్లు గుర్తుకు వస్తున్నాయి కాబట్టి మీ అమ్మాయి అలా అడగడం సహజమే. కాని దాని మూలమైన ‘చెల్లు’ డబ్బుకు మాత్రమే కట్టుబడిన మాట కాదు. చిరిగిన నోటు చెల్లదు అంటాము. ఇతరులెవ్వరికీ చేతకాని పనిని ఒకరు చక్కగా చేసినప్పుడు ‘అది ఆయనకే చెల్లింది’ అని మెచ్చుకుంటాము. రెండో వాక్యంలో డబ్బు ఊసే లేదు. ఫలానా గౌరవం ఫలానా మనిషికి తగును, మరొకరికి తగదు అనే తీర్పు మాత్రమే ఉంది. ‘చెల్లించు’ అన్నది దానికి ప్రేరణార్థకం గనుక, ఎవరికి తగినదానిని వారికి చేర్చడం అని దాని అర్థాన్ని విప్పుకోవచ్చు. పన్ను ప్రభుత్వానికి చెల్లుతుంది, మొక్కు దైవానికి చెల్లుతుంది, స్తుతి కూడా అంతే.

మీ అమ్మాయికి తమిళం బాగా వచ్చు గనుక ఆమెకు ఆ దారిలోనే చెప్పి చూడండి. తమిళంలో ‘నన్రి సెలుత్తుదల్’ అనేది సభల్లోనూ పత్రికల్లోనూ రోజూ వినబడే మాటే, దానిని విని బిల్లును తలచుకునేవారు ఎవరూ ఉండరు. అక్కడ ‘సెల్’ అంటే వెళ్లడం, ‘సెలుత్తు’ అంటే వెళ్లేలా చేయడం. ఓడను నడపడానికీ సొమ్ము కట్టడానికీ అదే క్రియ వాడతారు. 116వ కీర్తన 12వ వచనం తమిళ బైబిలులో ‘ఎన్నత్తైచ్ చెలుత్తువేన్’ అని ముగుస్తుంది. మన పాత అనువాదంలో అదే వచనం ‘యెహోవా నాకు చేసిన ఉపకారములన్నిటికి నేనాయనకేమి చెల్లించుదును?’ అని ఉంది. తెలుగు కొత్త నిబంధన తొలి అచ్చుల్లో ఒకటి వెలువడింది ఈ మద్రాసులోనే కాబట్టి ఒక భాష చూసి మరొకటి వ్రాసుకున్నారేమో అని కొందరికి అనుమానం రావచ్చు గాని, నేను ఆ మాట అనను. మొక్కు చెల్లించడం తెలుగువాడికి ఏ అనువాదకుడూ నేర్పనక్కరలేదు.

ఆ కీర్తననే ఇంకొంచెం ముందుకు చదివితే మన క్రియ ఏ పని చేస్తున్నదో తెలుస్తుంది. ఏమి చెల్లించుదును అని అడిగిన భక్తుడు తాను ఇవ్వబోయేదాని పేరు చెప్పడానికి బదులు, 13వ వచనంలో ‘రక్షణపాత్రను చేత పుచ్చుకొని’ ప్రార్థన చేస్తానంటాడు. అంటే ఏమి ఇవ్వాలి అన్న ప్రశ్నకు అతని మొదటి జవాబు మరొకసారి పుచ్చుకోవడమే! వడ్డీ లెక్కలు వేసేవాడి నోట ఈ జవాబు రాదు. ఆ తరువాతి వచనంలో మ్రొక్కుబళ్లు చెల్లిస్తానని చెప్పి, ‘ఆయన ప్రజలందరి యెదుటనే’ అని చేర్చుతాడు. హెబ్రీలో ఈ రెండు చోట్లా ఒకే క్రియ లేదు. 12లో ఉన్నది తిరిగి ఇవ్వడం అనే అర్థం గల మాట. 14లో ఉన్నది సమాధానం, క్షేమం అనే అర్థం గల ‘షాలోం’కు దగ్గరి చుట్టమైన ధాతువు; కొరత లేకుండా పూర్తిచేయడం అనే భావం అందులో ఉంది. తెలుగు ఈ రెండింటినీ ‘చెల్లించు’తోనే సరిపెట్టింది, సరిపెట్టినా నష్టం కలగలేదు.

మీరు శనివారం పెట్టుకున్న కూటానికి కూడా దీనితో సంబంధం ఉంది. అదే కీర్తన 17వ వచనంలో కృతజ్ఞతార్పణ ప్రస్తావన వస్తుంది. దాని విధి లేవీయకాండము 7వ అధ్యాయంలో చదవవచ్చు. మ్రొక్కుబడిగానో స్వేచ్ఛగానో తెచ్చిన బలిలో మిగిలిన మాంసాన్ని మరునాడు కూడా తినవచ్చును గాని, కృతజ్ఞతార్పణ మాంసాన్ని మాత్రం ఆ రోజే తినివేయాలి, తెల్లవారేదాకా ఏమీ మిగల్చకూడదు. దానితోపాటు పులియని పిండివంటలూ పులిసిన రొట్టెలూ తేవాలి. ఒక పశువు మాంసం, అన్ని రొట్టెలు ఒక్క రాత్రిలో ముగియాలంటే ఒక్క ఇంటివారి వల్ల అయ్యే పని కాదు కాబట్టి, చుట్టాలనూ ఇరుగుపొరుగువారినీ పిలవక తప్పదని నాకు తోస్తుంది. అందుచేత ‘చెల్లించు’ అన్న క్రియలో నలుగురూ కలిసి కూర్చుని తినడం కూడా ఇమిడి ఉన్నది. కృతజ్ఞతలు ఒంటరిగా గదిలో కూర్చుని కూడా ‘చెప్పవచ్చు’. వంటమనిషికి పులిహోర ఎన్ని కిలోలని చెప్పాలో లెక్క చూసుకుంటున్న మీ మామగారు చేస్తున్నది చెల్లింపు.

అంబత్తూరు నుంచి ఒక సభ్యుడు:

అయ్యా, మీ వివరణ బాగుంది గాని వాడుకలో జరుగుతున్నది వేరు. ఆరాధనలో కానుక కవర్లు చదివేటప్పుడు ‘ఫలానా కుటుంబమువారు పెండ్లిరోజు సందర్భమున దేవునికి కృతజ్ఞతాస్తుతులు చెల్లించుచు’ అని మొదలుపెట్టి సరాసరి రూపాయల అంకెతో ముగిస్తారు. వినేవారికి చెల్లించినది ఆ అంకే అనిపించదా? రెండో సంగతి: ‘ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి’ అన్న 1 థెస్సలొనీకయులకు 5:18 మీద. 2015 డిసెంబరు వరదల తరువాత మా సంఘంలో ఒక పెద్దమ్మ సాక్ష్యం చెబుతూ, ‘ఇల్లు మునిగినందుకు దేవునికి స్తోత్రం’ అన్నారు. ఆమె విశ్వాసాన్ని తప్పుపట్టను గాని, నాకు ఆ మాట నేటికీ మింగుడుపడలేదు.

జవాబు:

కవర్ల విషయంలో మీతో నాకు వాదం లేదు. ఆ వాక్యంలో క్రియకూ అంకెకూ మధ్య ఇంకొక్క క్రియ ఉంటే చాలు: ‘కృతజ్ఞతాస్తుతులు చెల్లించి, సంఘ పరిచర్య నిమిత్తము ఇంత సమర్పించారు’ అంటే రెండూ విడిపోతాయి. మన పాత బైబిలు ఈ తేడాను బాగానే పాటించింది. రోమీయులకు 13:7లో పన్నూ సుంకమూ ‘చెల్లించుడి’ అని చెప్పి, ఆ వచనాన్ని ‘ఋణములను తీర్చుడి’ అని ముగిస్తుంది. అప్పు తీర్చితే ఆ పద్దు కొట్టివేస్తారు. స్తుతికి మాత్రం మన అనువాదకులు ‘తీర్చు’ను జతచేసినట్లు నాకు గుర్తు లేదు. 13:8లోనైతే ప్రేమించే విషయంలో తప్ప మరేమీ ఎవనికీ ‘అచ్చియుండవద్దు’ అంటాడు ఆ ఉత్తరం వ్రాసిన పౌలు. ‘అచ్చియుండు’ అంటే బాకీపడి ఉండటం. ఇంత అందమైన మాటను మనం బైబిలులోనే వదిలేశాము. ప్రేమ బాకీ తీరదని పౌలే ఒప్పుకున్న తరువాత కృతజ్ఞత బాకీ కవరుతో తీరిపోతుందని ఎవరైనా అనుకుంటే, ఆ లోపం క్రియది కాదు.

ఇక పెద్దమ్మగారి సాక్ష్యం. ఇక్కడ మీ చెవి సరిగానే పట్టింది. 5:18లో ఉన్నది ‘విషయమునందును’. ఆ ‘నందు’ సప్తమీ విభక్తి, ‘లో’ అని అర్థం. గ్రీకులోనూ అక్కడ ‘ఎన్’ అనే మాటే ఉంది, అదీ ‘లో’ అనే. ‘మునిగినందుకు’లోని ‘అందుకు’ కారణం చెప్పే ప్రత్యయం. చూపులకు ‘నందు’, ‘నందుకు’ అన్నదమ్ముల్లా ఉండటం వల్ల ప్రసంగాల్లో ఒకటి మరొకటిగా మారిపోతోంది. వరదలో ఉండి కృతజ్ఞత చెల్లించడం వేరు, వరద వచ్చినందుకు చెల్లించడం వేరు. ఆ తేడాను తెలుగు విభక్తే కాపాడుతున్నప్పుడు మనం పారవేసుకోనక్కరలేదు.

అయితే మీరు అడగకముందే ఒక మాట ఒప్పుకోవాలి: ఎఫెసీయులకు 5:20లో ‘సమస్తమునుగూర్చి’ అని ఉంది. గ్రీకులోనూ అక్కడ ‘ఎన్’కు బదులు ‘హుపెర్’ ఉంది. దాని అర్థం ‘కొరకు, గూర్చి’. దీనిని పట్టుకుని ప్రతి కష్టానికీ పేరుపేరునా స్తోత్రం చెప్పాలని బోధించేవారు ఉన్నారు. నాకు మాత్రం ఆ వచనాన్ని దాని చుట్టూ ఉన్నవాటి నుంచి పెరికి చదవడం న్యాయంగా తోచదు. అంతకు ముందు మాట సంఘం కీర్తనలతో, సంగీతములతో ఒకరినొకరు హెచ్చరించుకోవడాన్ని గురించినది. ఆ తరువాతి మాట ‘ఒకనికొకడు లోబడియుండుడి’ అని, ఆ వెనుకనే భార్యలు, భర్తలు, ఆరవ అధ్యాయంలో పిల్లలు, తండ్రులు వరుసగా వస్తారు. కొలొస్సయులకు 3లోనూ ఇదే వరుస: 15, 17 వచనాల్లో కృతజ్ఞత, 18 నుంచి ఇల్లు, 21లో పిల్లల మనస్సు క్రుంగేలా వారికి కోపం పుట్టించవద్దని తండ్రులకు హెచ్చరిక. ఆ రెండు పత్రికల్లోనూ, అంటే ఉత్తరాల్లోనూ, కృతజ్ఞత మాట ముగిసీ ముగియగానే వంటింటి గడప వస్తుంది. తెలుగింట్లో కొడుకు అన్నం పెట్టిన తల్లికి ధన్యవాదాలు చెబితే ఆమె కంగారుపడి ఏమైందిరా అని అడుగుతుంది గనుక, మనకు ఆ చెల్లింపు ‘ఈ రోజు పప్పుచారు బాగా కుదిరిందమ్మా’ అన్న రూపంలోనే జరుగుతుంది. ఇలా ఒక్కొక్కటిగా పేరుపెట్టి చెప్పదగినవి ‘సమస్తము’లో చాలానే ఉన్నాయి, వరదనీటిని అందులో చేర్చమని వచనం బలవంతం చేస్తున్నట్లు నాకు కనబడదు.

కష్టకాలపు సాక్ష్యానికి తగిన వ్యాకరణం కావాలంటే హబక్కూకు 3:17, 18 చూడండి. అంజూరపు చెట్లు ‘పూయకుండినను’, ద్రాక్షచెట్లు ‘ఫలింపకపోయినను’ అని మొదలుపెట్టి, ఒలీవ కాపు, చేని పైరు, దొడ్డిలో గొఱ్ఱెలు, సాలలో పశువులు అన్నీ లేవని చెప్పిన తరువాతే ‘యెహోవాయందు ఆనందించెదను’ అంటాడు ప్రవక్త. పెద్దమ్మగారి వాక్యాన్ని ఆ పద్ధతిలో చెబితే ‘ఇల్లు మునిగినా దేవునికి స్తోత్రం’ అవుతుంది, బహుశా ఆమె మనసులో ఉన్నదీ అదే అయి ఉంటుంది. ఆ వచనంలో ‘ఇనను’ ఆరుసార్లు వచ్చింది, ‘అందుకు’ ఒక్కసారి కూడా రాలేదు.