పాత రికార్డు ప్లేట్లు ఇంట్లో కడగొచ్చా? బోరు నీళ్లతో ఒకటి ఆగం చేసుకున్నా

దేవరకొండ పోరడు:
తాత సందుగలో యాభై దాకా రికార్డు ప్లేట్లు దొరికాయి, అన్నీ దుమ్ము, బూజు. తొందరపడి ఒకదాన్ని బోరు నీళ్లు, గిన్నెల లిక్విడ్‌తో కడిగా. తడి మీద తళతళలాడింది గానీ ఆరాక తెల్లటి మచ్చలు, పెడితే ముందుకంటే ఎక్కువ చిటపట. నాయినమ్మ కుంకుడు రసం పెట్టమంటోంది, వీడియోలోనేమో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలపమంటున్నారు. ఏది నమ్మాలి?

నల్లగొండ పాతపాటలు:
తమ్మీ, తప్పు సబ్బుది కాదు, నీళ్లది. మన బోరు అనగానే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది కానీ ఆ మచ్చలు కాల్షియం, మెగ్నీషియం లవణాలు, గీజర్ రాడ్డుకి పట్టే తెల్ల పొర లాంటివే. నీళ్లు ఆరిపోతే అవి గాడిలోనే మిగిలి ముల్లుకి తగులుతాయి. డిస్టిల్డ్ వాటర్ వాడు. నేను 800 మి.లీ. నీళ్లకి 200 మి.లీ. ఐసోప్రొపైల్, వాసనా రంగూ లేని డిష్‌వాష్ రెండే చుక్కలు కలుపుతా. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో గాడి వెంట గుండ్రంగా తుడవాలి, అడ్డంగా రుద్దొద్దు, మధ్యలో కాగితం లేబుల్ తడవొద్దు. చివర్లో ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ ఒకసారి, లేకపోతే సబ్బు మిగులుతుంది. కుంకుడు రసంలో పిప్పి, జిగురు ఉంటాయి, అది తలకే మంచిది. శానిటైజర్ కూడా వద్దు, చాలావాటిలో గ్లిజరిన్ కలుపుతారు.

వనపర్తి గ్రామఫోన్:
ఆగండాగండి, ఆల్కహాల్ పోసేముందు ప్లేటు ఏ రకమో చూడండి! 78 స్పీడు (నిమిషానికి 78 చుట్లు) అని ఉండి, బరువుగా, కింద పడితే పగిలేలా ఉంటే చాలావరకు అది లక్కతో చేసినది. వడ్లాయన లక్కని స్పిరిట్‌లో కరిగించే కదా పాలిష్ చేసేది, మీ ప్లేటుకీ అదే గతి. పాతవాళ్ల ఇళ్లలో ఇవే ఎక్కువ. వీటికి డిస్టిల్డ్ వాటర్, ఒక్క చుక్క సబ్బు, అంతే. నానబెట్టొద్దు, వెంటనే తుడిచెయ్యండి. 33, 45 స్పీడు వినైల్ (ఒక రకం ప్లాస్టిక్) ప్లేట్లకైతే పై అన్న చెప్పిన కొలత సరిపోతుంది.

దేవరకొండ పోరడు:
అమ్మో, బతికించారు. పన్నెండు 78వే ఉన్నాయి, రేపు వాటి మీదే పోద్దామనుకున్నా. ఐసోప్రొపైల్ ఎక్కడ దొరుకుతుంది?

జడ్చర్ల మెకానిక్:
సెల్‌ఫోన్ రిపేర్ షాపుల్లో అడగండి, బోర్డులు కడగడానికి మేం వాడేది అదే. మెడికల్ షాపు స్పిరిట్‌లో ఇంకేం కలిపారో చెప్పలేం, అది తీసుకోకండి. కిటికీ తీసి, పొయ్యికీ అగరబత్తికీ దూరంగా కలపండి, భగ్గుమంటుంది. ఇంకోటి, ఎండలో ఆరబెట్టకండి. మన పాలమూరు ఎండకి వినైల్ అప్పడంలా వంకరపోతుంది. నా చేతులతోనే రెండు అట్లా చేశా. గిన్నెల స్టాండులో నిలబెట్టి నీడకి వదిలేయండి, ఫ్యాన్ వేస్తే మళ్లీ దుమ్మే.

దేవరకొండ పోరడు:
బోరు నీళ్లతో కడిగిందాన్నే మళ్లీ చేశా. మచ్చలు చాలావరకు పోయాయి, చిటపట తగ్గింది, ఒక్కచోట మాత్రం పాట ఎగిరిపోతూనే ఉంది.

నల్లగొండ పాతపాటలు:
అది గీత తమ్మీ, కడిగితే పోదు. ముల్లు కూడా ఒకసారి చూసుకో, అంత దుమ్ములో తిరిగింది కదా.