డెర్మటాలజీ చదివి కుష్ఠు రోగులకు సేవ చేయాలంటే దారేది?

మా చెల్లి డెర్మటాలజీ పీజీ చివరి ఏడాదిలో ఉంది. లేజర్ క్లినిక్ వద్దు, డాక్టర్ రూత్ ఫావ్ లాగా పనిచేస్తానంటోంది. ఆ జర్మన్ డాక్టరమ్మ 1960లో మన దేశానికి రావాల్సింది, వీసా చిక్కుతో కరాచీలో ఆగిపోయారు. అక్కడి కుష్ఠు బస్తీలో ఒక యువకుడు మురికిలో చేతులూ కాళ్ళతో పాకుతూ వైద్యానికి రావడం చూసి, ఇక అక్కడే ఉండిపోయారు. వెల్లూరులో శిక్షణ తీసుకుని, కరాచీలోని మేరీ అడిలైడ్ కేంద్రం నుంచి పాకిస్తాన్ అంతటా చికిత్స విస్తరించారు. 1996లో అక్కడ కుష్ఠు అదుపులోకి వచ్చిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. నిజంగా చేతులెత్తి మొక్కాల్సిన మనిషి.

ఇంట్లో అందరికీ టెన్షన్. నేను మాత్రం దాని పక్షమే. ఈ రంగంలో ఉన్నవాళ్ళు దయచేసి చెప్పండి: పీజీ అయ్యాక కుష్ఠు పనిలో శిక్షణ ఎక్కడ బాగుంటుంది? స్పర్శ పోయిన పాదాల పుండ్లు, వంకర పోయిన వేళ్ళకు సర్జరీ, ఇవన్నీ దగ్గరుండి నేర్పేచోటు కావాలి. విదేశీ సహాయ సంస్థలు చర్మ వైద్యులను తీసుకుంటాయా? జీతంతో ఇల్లు గడుస్తుందా? పీజీ లోన్ ఇంకా తీరలేదు.