బీథోవెన్ మీద వ్యాసం: ఈ కథల్లో ఎన్ని నమ్మొచ్చు?

మూడో_బెంచి:
సంగీత చరిత్ర పేపర్ కోసం బీథోవెన్ మీద 2,000 మాటలు రాయాలి. సగం రాసి గైడ్ మేడమ్‌కి చూపించాను. ఐదో సింఫనీ మొదటి నాలుగు స్వరాల గురించి "విధి ఇలా తలుపు తడుతుంది" అని ఆయన అన్నట్టు రాశాను కదా, దాని చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి పక్కన "ఎవరు విన్నారు?" అని రాశారు. నేను చూసిన ప్రతి సైట్‌లోనూ ఆ మాట ఉంది! సోమవారం సబ్మిషన్, ఒకటే టెన్షన్.

తంత్రి:
విన్నానని చెప్పింది షిండ్లర్. కొన్నాళ్లు బీథోవెన్‌కి సెక్రటరీగా ఉన్నాడు. చిక్కంతా ఈయనతోనే. బీథోవెన్‌కి వినికిడి బాగా తగ్గాక, 1818 నుంచి దగ్గర నోటు పుస్తకాలు పెట్టుకునేవాడు. వచ్చినవాళ్లు చెప్పాల్సింది అందులో రాసేవాళ్లు, ఆయన ఎక్కువగా నోటితోనే జవాబిచ్చేవాడు. కాబట్టి మనకు మిగిలింది సగం సంభాషణే. పక్కవాళ్లు ఫోన్లో మాట్లాడుతుంటే వింటామే, అలాగన్నమాట. ఆయన పోయాక ఆ పుస్తకాలు షిండ్లర్ చేతికొచ్చాయి. ఖాళీ కనిపించిన చోటల్లా, అప్పట్లో తానే అడిగినట్టు కొత్త మాటలు ఇరికించాడు. అలాంటివి నూటయాభై దాకా బయటపడ్డాయి. ఇక శిష్యుడు చెర్నీ అయితే, ఆ నాలుగు స్వరాలు ఒక పిట్ట కూత నుంచి పుట్టాయన్నాడు.

మూడో_బెంచి:
అయ్యో, ఆ పేరా మొత్తం తీసేయాలా? 180 మాటలు పోతాయండీ.

తంత్రి:
తీయకండి. "షిండ్లర్ చెప్పిన ప్రకారం" అని మొదలుపెట్టి, ఆయన్ని ఎందుకు నమ్మలేమో రాయండి. 180 కాస్తా 300 అవుతాయి.

రాత్రిపక్షి:
నాకు సెమినార్‌లో తగిలింది దెబ్బ. బీథోవెన్ పియానో రచన మూన్‌లైట్ సొనాటా అని వెన్నెల, సరస్సు, విరహం... మొదటి పేజీ నిండా కవిత్వమే. అంతా అయ్యాక వెనక నుంచి ఒకాయన "ఆ పేరు పెట్టిందెవరమ్మా?" అన్నారు. నోట మాట రాలేదు. 1802లో అచ్చయినప్పుడు దాని పేరు "దాదాపు ఫాంటసీ లాంటి సొనాటా", అంతే. వెన్నెల గొడవ తర్వాతెప్పుడో రెల్‌స్టాబ్ అనే విమర్శకుడు తెచ్చిన పోలిక. పాత అచ్చు ప్రతుల స్కాన్లు ఐఎంఎస్ఎల్‌పీ అనే సైట్‌లో ఉచితంగా బోలెడు దొరుకుతాయి, ముందు టైటిల్ పేజీ చూడండి.

పాత_రికార్డు:
పియానో నేర్చుకునే ప్రతివాళ్లూ వాయించే జీ మేజర్ మినుయెట్ కూడా బాఖ్‌ది కాదు, పెట్జోల్డ్‌ది. బాఖ్ భార్య అన్నా మాగ్దలేనా నోటు పుస్తకంలో కర్త పేరు లేకుండా ఉంది. ఇంట్లో పుస్తకం కాబట్టి ఇంటాయనదే అనుకున్నారు. నేనూ పదేళ్లు బాఖ్ అని చెప్పే వాయించాను లెండి.

మూడో_బెంచి:
తంత్రి గారూ, మీరు చెప్పినట్టే మార్చి చూపించాను. ఇప్పుడు "నూటయాభై" చుట్టూ సున్నా. "ఎవరు లెక్కపెట్టారు?" అట.

తంత్రి:
డాగ్మార్ బెక్, గ్రీటా హెర్రె అనే పరిశోధకులు. 1977లో బయటపెట్టారు. మీ మేడమ్‌కి నా నమస్కారాలు చెప్పండి.