అమ్మకి దవడ పళ్ళు పోయాయి, ఇంప్లాంట్ పెట్టించాలా, బ్రిడ్జి చాలా?

తెనాలి_పిల్ల (ప్రశ్న):
మా అమ్మకి 62 ఏళ్ళు. కింద కుడివైపు పక్కపక్కనే రెండు పళ్ళు లేవు, ఒకటి ఎప్పుడో పీకించేసింది, ఇంకోటి పోయిన సంక్రాంతికి విరిగిపోయింది. వాటి వెనక ఇంకో దవడ పన్ను గట్టిగానే ఉంది. పైన ఎడమవైపు చిట్టచివరి పన్ను కూడా లేదు. ఇప్పుడు జంతిక ఇస్తే టీలో ముంచుకుని తింటోంది, ములక్కాడ అయితే ముట్టుకోవడమే మానేసింది. షుగర్ ఉంది, కంట్రోల్‌లోనే ఉందంటుంది.

విజయవాడలో ఒక క్లినిక్‌లో మామూలు ఎక్స్‌రే తీసి మూడు ఇంప్లాంట్లు (ఎముకలోకి స్క్రూ దించి దాని మీద పన్ను పెడతారట), లక్షా ఇరవై వేలు, ఈ వారంలో అడ్వాన్స్ కడితే లక్ష అన్నారు. మా ఊరి డాక్టరుగారేమో బ్రిడ్జి, అంటే పక్క పళ్ళ ఆధారంతో కట్టేది, చాలమ్మా అంటున్నారు. అమ్మ మాత్రం "ఈ వయసులో నాకెందుకే, తీసి పెట్టుకునే సెట్టు చాలు" అంటోంది. ఎవరికైనా అనుభవం ఉంటే చెప్పండి, డబ్బు సర్దుకోవచ్చు కానీ పెట్టాక ఊడిపోతే అనే టెన్షన్.

ఓరుగల్లు_రవి:
మా నాన్నకి కింద ఒకటి పెట్టించాం అండీ. పన్ను పీకించినప్పటి కంటే నొప్పి తక్కువే అన్నాడు, మత్తు ఇచ్చాక డ్రిల్లు చప్పుడుకే భయపడ్డాడంతే, మర్నాడు కాస్త వాపు. విసుగంతా తర్వాతే. స్క్రూ ఎముకకి పట్టుకునేదాకా క్యాపు పెట్టరు, మాకు మూడు నెలలు దాటింది, ఆ గ్యాప్‌లో నాన్న రోజూ "లక్షలు పోసి బొక్క పెట్టించారు" అని సణుగుడు. ఇప్పుడు సకినాలు కూడా కరకరా నములుతున్నాడు. కానీ జర్దా మాన్పించడానికి ఇంట్లో యుద్ధమే చేశాం, మానకపోతే పెట్టనని డాక్టరు ముందే చెప్పేశారు. ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి, యాక్సిడెంట్ అయితే తప్ప మామూలు పాలసీల్లో పళ్ళకి రాదు.

దంతాల_దారి (ఎండీఎస్, ప్రోస్థో, అంటే కట్టుడు పళ్ళ స్పెషలిస్టు):
అమ్మాయ్, ముందు ఆ "ఈ వారంలో కడితే" అనే మాట పక్కన పెట్టండి. అమ్మగారి ఎముక వచ్చే నెలకి కరిగిపోదు.

పైన చివరి పన్ను ఒక్కటే లేకపోతే చాలామందికి ఏమీ పెట్టక్కర్లేదు, ముందున్న పళ్ళతో నమలడం హాయిగా సాగిపోతుంది. పైగా అక్కడ ఎముక పైనే సైనస్ అనే గాలి గది ఉంటుంది, ఎముక పల్చగా ఉంటే సైనస్ లిఫ్ట్ అని ఇంకో ఆపరేషన్, ఇంకో ఖర్చు. నేనైతే దాని జోలికి పోను. అంటే మీ మూడు ఇంప్లాంట్లు ఇప్పటికే రెండయ్యాయి.

కింద విషయం వేరు. దవడ లోపల కింది పెదవికి స్పర్శనిచ్చే నరం వెళ్తుంది, దాన్ని తాకితే పెదవి మొద్దుబారిపోతుంది, అందుకే మామూలు ఎక్స్‌రే చాలదు, సీబీసీటీ అనే 3డీ స్కాన్ తీసి ఎత్తూ వెడల్పూ కొలవాలి. ఎప్పుడో పీకించిన పన్ను దగ్గర ఎముక సన్నబడి ఉండొచ్చు. బ్రిడ్జి అయితే ముందు పన్నూ వెనక పన్నూ చెక్కి క్యాపులేయాలి, మధ్యలో రెండు పళ్ళ బరువు అవే మోయాలి. ఆ రెంటికీ ఇప్పటికే రూట్ కెనాల్, క్యాపులు ఉంటే నేనూ బ్రిడ్జే అంటాను. శుభ్రంగా ఉన్న పళ్ళని చెక్కడానికి మాత్రం మనసొప్పదు.

షుగర్ "కంట్రోల్‌లో ఉంది" అంటే కుదరదు, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్త పరీక్ష) ఎంతో చెప్పండి. ఇంకోటి, ఎముకల బలానికి అమ్మగారు ఏమైనా మాత్రలో ఇంజెక్షన్లో వాడుతున్నారా?

డాలస్_బాబాయ్:
ఇక్కడ ఒక్క ఇంప్లాంట్‌కే వేల డాలర్లు, అందుకే మా వాళ్ళంతా సెలవుల్లో హైదరాబాద్‌లో పెట్టించుకుంటారు. నేనూ అంతే. ఇక్కడికొచ్చాక క్యాపు కింద స్క్రూ లూజైంది, ఇక్కడి డాక్టరు మొదట అడిగిందే ఏ కంపెనీ, ఏ సైజు అని. నా దగ్గర స్టిక్కర్ ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఏ స్క్రూడ్రైవర్ పట్టాలో కూడా వాళ్ళకి తెలియదు. నోబెల్ బయోకేర్, స్ట్రామన్, ఆస్టెమ్, ఏదైనా కానీ, డబ్బా మీది స్టిక్కర్ అంటించిన కార్డు అడిగి తీసుకోండి. బిల్లులో ఊరికే "ఇంప్లాంట్" అని రాస్తే ఒప్పుకోకండి.

తెనాలి_పిల్ల:
థాంక్స్ అందరికీ. డాక్టరుగారూ, మీరు అడిగాక అమ్మ మందుల డబ్బా మొత్తం తీసి చూశాను. హెచ్‌బీఏ1సీ పోయిన నెలది 7.4. ఇంకో మాత్ర ఉంది, ఆదివారం పొద్దున పరగడుపునే గ్లాసు నీళ్ళతో వేసుకుని అరగంట పడుకోకుండా కూర్చుంటుంది, అట్ట మీద అలెండ్రోనేట్ 70 అని ఉంది. మోకాళ్ళ కోసం అనుకున్నా. క్లినిక్‌లో దీని గురించి ఎవరూ అడగలేదు.

దంతాల_దారి:
అదే నేను అడిగింది. మోకాళ్ళకి కాదమ్మా, ఎముకలు గుల్లబారకుండా ఇస్తారు. ఈ రకం మందుల వల్ల దవడ ఎముక మానడం మందగించి, అరుదుగా పుండై ఎముక బయటపడుతుంది. క్యాన్సర్‌కి వాడే పెద్ద ఇంజెక్షన్లతో భయం ఎక్కువ, వారానికో మాత్రతో తక్కువ, కాబట్టి ఇంప్లాంట్ వద్దనను. కానీ ఎన్నేళ్ళుగా వాడుతున్నారో తెలియాలి, నాలుగేళ్ళు దాటితే ఇంకాస్త జాగ్రత్త. మీ అంతట మీరు మాత్ర ఆపేయొద్దు, తుంటి ఎముక విరిగితే పళ్ళ కంటే పెద్ద కష్టం. రాసిన డాక్టర్ని అడిగి, ఆయన మాట కాగితం మీద రాయించుకుని పళ్ళ డాక్టరుకి చూపించండి. 7.4 ఫర్వాలేదు, పెరగనివ్వకండి.

అమ్మగారు అడిగే తీసి పెట్టే సెట్టు కూడా తీసిపారేసేది కాదు, ఇవన్నీ తేలేదాకా దాంతో నెట్టుకురావచ్చు. స్కాన్ తీయించాక పేరు చెరిపేసి ఇక్కడ పెట్టండి, ఎముక ఎంతుందో చూసి చెప్తాను.