విలన్ రెండోసారి వేరేలా చస్తే దాన్ని తెలుగులో ఏమనాలి?

అందరికీ నమస్తే, పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. ఒక మాట కావాలి, కానీ అది అడగాలంటే ముందు కొంచెం కథ చెప్పాలి, ఓపిక పట్టండి.

మా అక్క కొడుకు తొమ్మిదో క్లాసు. బడిలో ఒడియా, ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు. తెలుగు రాయడం మాత్రం సెలవుల్లో నా దగ్గర నేర్చుకున్నదే. వాడికి స్టార్ వార్స్ పిచ్చి. పాతపట్నంలో వాళ్ళ పిన్ని కూతురుంది, దానికి ఇంగ్లీషు కామిక్ చదవడం కష్టమని మొత్తం కథ రూళ్ళ నోట్‌బుక్కులో తెలుగులో రాసిస్తున్నాడు. ఆ కామిక్ 2001లో డార్క్ హార్స్ వాళ్ళు వేసిన ఇన్ఫినిటీస్, నాలుగు సంచికలు. 1977లో వచ్చిన మొదటి సినిమా కథే, కానీ ఒక్కచోట దారి మళ్ళించేశారు. సినిమాలో హీరో ల్యూక్ వేసిన టార్పెడో సరిగ్గా దిగి డెత్ స్టార్, అంటే గ్రహాల్నే పేల్చేసే విలన్ల పెద్ద గోళం, పేలిపోతుంది, బయటికి పోదాం సార్ అని కింద ఆఫీసరు చెప్తున్నా గెలిచేవేళ పారిపోవడమేంటని దాని మీద పెత్తనం చేసే విలన్ టార్కిన్ అక్కడే నిలబడి దాంతోపాటే పోతాడు. కామిక్‌లో ఆ టార్పెడో పని చెయ్యదు. టార్కిన్ బతికిపోతాడు. కొన్నేళ్ళ తరవాత మంచివాళ్ళ వైపు ముసలి గురువు యోడా వచ్చి వాడి మనసు పట్టేసి, అదే డెత్ స్టార్‌ని తీసుకెళ్ళి వాడి చక్రవర్తి పేలస్ మీదే పడేయిస్తాడు.

ఇక్కడికొచ్చాక మా వాడు నోట్‌బుక్కులో ఎర్ర పెన్నుతో హెడ్డింగ్ పెట్టాడు, "టార్కిన్ ప్రత్యాన్మాయ మరణం" అని. మ్నా రాయడానికి బదులు న్మా రాశాడు, కొట్టేశాడు, మళ్ళీ రాశాడు, మళ్ళీ కొట్టేశాడు. చివరికి కింద "ఆల్టర్నేట్ చావు" అని పెట్టి "మావయ్యా దీనికి మంచి తెలుగు లేదేటి?" అని నామీద పడ్డాడు. నేను అప్పటికప్పుడు "మారుచావు" అన్నాను. అన్నాక నాకే డౌటొచ్చింది. మీరేమంటారు?

గుణుపురం నుంచి

మారుచావు అంటే నాకు ఒకరి బదులు ఇంకొకరు చావడంలా వినిపిస్తోందండి. మారుపేరు, మారువేషం, మారుతాళం అన్నిటిలోనూ ఒకదాని చోట ఇంకోటి పెట్టడమే కదా. మారుమనువు అయితే రెండోసారి. పైగా మా ఇళ్ళల్లో "మారు పెట్టనా" అంటే ఇంకాస్త అన్నం వడ్డించనా అని అర్థం, టార్కిన్ విస్తరి ముందు కూర్చుని ఇంకొంచెం చావు వడ్డించండి అన్నట్టుంది 😄

బరంపురం నుంచి

దీనికి మనకి ఎప్పటినుంచో పాఠాంతరం అని మాట ఉంది బాబూ. తాళపత్రాల్లో ఒక పద్యం ఒకచోట ఒకలాగా ఇంకోచోట ఇంకోలాగా ఉంటే అనేది. రావణుణ్ణి చూడు. వాల్మీకిలో బ్రహ్మాస్త్రం గుండె చీల్చుకుపోతుంది. బొడ్డులో అమృతం ఉందని విభీషణుడు చెప్పేది వాల్మీకిలో లేదు, అధ్యాత్మ రామాయణంలో ఉంది, జనానికి అదే గుర్తు. జైనుల పఉమచరియంలో అయితే చంపేది రాముడు కూడా కాదు, లక్ష్మణుడు. మన పక్కన ఒడియా వాళ్ళకి బిలంకా రామాయణం ఉండనే ఉంది, అందులో వెయ్యి తలల రావణుడు, సీతమ్మ బలం లేనిదే వాడు చావడు. ఒకే విలన్‌కి ఇన్ని చావులు, ఎవరూ ఏదీ తప్పు అనలేదు. పిల్లాణ్ణి "టార్కిన్ చావుకి ఇంకో పాఠం" అని రాసుకోమను.

నేను (పర్లాకిమిడి)

మాష్టారూ, రావణుడి సంగతి చెప్పేసరికి వాడు తెగ సంబరపడ్డాడు, కానీ "పాఠం అంటే లెసన్ కదా మావయ్యా, పాతపట్నంలో అది ఆన్సర్ నేర్చుకోవాలేమో అనుకుంటాది" అంటున్నాడు. అదీ నిజమే.

జయపురం నుంచి

ఇంత లాగడం ఎందుకు, భస్మాసుర హస్తం అని రాసేయండి. వాడి ఆయుధమే వాడి నెత్తి మీద పడింది.

గుణుపురం నుంచి

అక్కడే తేడా ఉంది తమ్ముడూ. భస్మాసురుడు మోహిని డాన్సు చూసి మోసపోయాడు, చెయ్యి మాత్రం తనే తన బుద్ధితోనే పెట్టుకున్నాడు. టార్కిన్‌కి ఆ టైములో తన బుద్ధి తన దగ్గరే లేదు, యోడా చేతిలో ఉంది. సరిగ్గా చెప్పాలంటే వాడు పరవశుడయ్యాడు. నవ్వకండి. పర అంటే ఇంకొకరు, వశం అంటే చెప్పుచేతలు, ఇంకొకరి చెప్పుచేతల్లో ఉన్నవాడు పరవశుడు. ఇప్పుడు మనం సంగీతం విని పరవశించిపోయాం అంటున్నామే, అక్కడా అసలు సంగతి ఇదే, పాట మనల్ని లాక్కుపోయింది, మనం మనలో లేం. ఆ లాక్కుపోవడం పోయి ఆనందం ఒక్కటే మిగిలింది మాటలో.

నేను (పర్లాకిమిడి)

అమ్మా ఇది మాత్రం అదిరింది. కానీ "టార్కిన్ పరవశుడై చచ్చాడు" అని రాస్తే ఏదో భజనలో పోయాడనుకుంటారు 😂 వాడికి వశం అని వదిలేస్తా, "యోడా వశంలో పడ్డాడు" అంటే ఏ పిల్లకైనా అర్థమవుతుంది. డెత్ స్టార్‌కి మృత్యుతార అని పెడదామనుకున్నాడు, అది కూడా ఆపాను, తార అనగానే సినిమా హీరోయిన్ గుర్తొస్తుంది.

ఇంకోటి చెప్పాలి. వాడి క్లాసులో ఒడియా ఫ్రెండ్ ఇదే సీన్ చెప్తూ "టార్కిన్ మరిగలా" అన్నాడట, అంటే చచ్చిపోయాడు అని. పక్కన కొత్తగా చేరిన తెలుగు గుంటడు "ఏటి మరిగింది, నీళ్ళా?" అన్నాడట. ఈ ఊళ్ళో ఇలాంటివి రోజూ జరుగుతాయి.

బరంపురం నుంచి

ఒక సంగతి అడుగుతా. హెడ్డింగ్ తప్పనిసరిగా నామవాచకమే కావాలా? ప్రత్యామ్నాయ మరణం, పాఠాంతర మరణం, మారుచావు, అన్నీ ఇంగ్లీషు హెడ్డింగ్ చూసుకుని దానికి సరిపడా కుట్టిన చొక్కాలు. మన ముసలమ్మ కథ చెప్తే ఏమంటుంది? "ఒక కథలో అలా చచ్చాడు, ఇంకో కథలో ఇలా చచ్చాడు" అంటుంది. పని అంతా క్రియ చేసేస్తుంది.

నేను (పర్లాకిమిడి)

మాష్టారూ మీరు ఈ మాట మొదట్లోనే చెప్పుంటే ఇంత చర్చ అయ్యేది కాదు, అయినా అయినందుకు బాధ లేదు. వాడికి చెప్పాను. ఐదు నిమిషాలు పెన్ను కొరికి ఇలా రాశాడు, ఉన్నదున్నట్టు పెడుతున్నా:

"సినిమాలో టార్కిన్ పేలుడులో సచ్చిపోనాడు. ఇందులో అలగ కాదు. యోడా తాత ఆడి బుద్ధి లాగేసుకున్నాడు. ఆడి గోళం ఆడే తీసుకెళ్ళి ఆడి రాజు నెత్తి మీదే పడేసి సచ్చిపోనాడు."

"సచ్చిపోనాడు" ని "చనిపోయాడు" చెయ్యాలా అని అడిగాడు. చనిపోయాడు అంటే మనం గౌరవం ఇచ్చినట్టు, ఒక గ్రహాన్నే పేల్చేయించిన వాడికి గౌరవమేంటి అన్నాను. "చచ్చిపోయాడు" చెయ్యొచ్చు. చెయ్యబుద్ధి కాలేదు. గిడుగు రామమూర్తి గారు మాస్టారుగా పనిచేసిన ఊళ్ళో కూర్చుని, మాట్లాడే తెలుగే రాయాలని ఆయన అంత పోట్లాడాక, నేను ఎర్ర పెన్ను తియ్యడం ఏం బాగుంటుంది. 1936లో ఒడిశా ఏర్పడి మా ఊరు ఇటు, పాతపట్నం అటు అయిపోయింది గానీ "సచ్చిపోనాడు" రెండు వైపులా ఒక్కటే.

జయపురం నుంచి

సూపర్. మరి యోడా? ఆయన కూడా ఆ డెత్ స్టార్‌లోనే ఉన్నాడు కదా, ఆయన్ని ఏమని రాశాడు?

నేను (పర్లాకిమిడి)

ఇదే ప్రశ్న నిన్న సాయంత్రం నోట్‌బుక్కు పాతపట్నం వెళ్ళాక ఆ పిల్ల ఫోన్ చేసి అడిగింది. వీడు ఫోను పక్కన పెట్టి నన్ను అడగలేదు కూడా. "తాత కాలం చేసేరు" అన్నాడు.